బడి క్యారేజీలో చేపలు, రొయ్యలు: మీ ప్రశ్నలకు జవాబులు

క్రితం నెల పిల్లల తిండి గురించి రాస్తూ, చేపలు తినే ఇళ్లవాళ్లు కుదిరితే వారానికి రెండు రోజులు బడి క్యారేజీలో చేపో రొయ్యో పెట్టండని ఒక మాట అన్నాను. ఆ మాట మీద వచ్చిన ఉత్తరాలతోనే ఈసారి శీర్షిక నిండిపోయింది. ముల్లు భయం, వాసన గొడవ, ఎలర్జీ, ధర, స్కూలు వాళ్ల అభ్యంతరం, ఇంట్లో పెద్దవాళ్ల అభ్యంతరం, అన్నీ వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, పేర్లు తీసేసి ఇస్తున్నాను. చేపలు తినని కుటుంబాలు ఇది తమకు చెబుతున్నారని అనుకోవద్దు. ఆదివారం వస్తే చేపలు తెచ్చుకునే ఇళ్లలో కూడా సోమవారం నుంచి శనివారం దాకా పిల్లల డబ్బాలో బంగాళాదుంప వేపుడు, టమాటా రైసు తప్ప ఇంకేమీ ఉండటం లేదే అన్నదే నా బాధ.

మా బాబుకి ఆరేళ్లు. నేను ముల్లు తీసి పెడితే చేపల పులుసు ఇష్టంగా తింటాడు. స్కూలుకి పంపాలంటే మాత్రం ముల్లు గుచ్చుకుంటుందేమోనని టెన్షన్. ఏ చేప పంపొచ్చు? (ఒక తల్లి, కాకినాడ)

అమ్మా, ముందు చేప మార్చండి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు రుచికి ఏం తక్కువ కాదు గానీ వాటి కండలో అడ్డంగా, కొన రెండుగా చీలిన సన్నటి ముళ్లుంటాయి, అవి పెద్దవాళ్ల వేళ్లకే ఒక పట్టాన దొరకవు. అవి ఇంట్లో, మీ చేత్తో పెట్టడానికి సరిపోతాయి, బడికి వద్దు. బడికైతే కొరమీను, పండుగప్ప, చందువ లాంటివి చూడండి. వెన్నుముల్లు లాగేస్తే కండ చాలావరకు శుభ్రంగా వచ్చేస్తుంది. ఖరీదు ఎక్కువనుకుంటే టిలాపియా గానీ, హోటళ్లలో అపోలో ఫిష్‌కి వాడే బాసా బోన్‌లెస్ ముక్కలు గానీ తెచ్చుకోండి. బోన్‌లెస్ అని రాసున్నా సరే, ఒకసారి వేలితో తడిమి చూడాల్సిందే.

అన్నిటికంటే మంచిది చేప పిట్టు. మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న వంటే, క్యారేజీకి ఇంతకంటే అనువైంది నాకు తెలీదు. అర కిలో ముక్కలకి పసుపు, ఉప్పు పట్టించి ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరి మీద పెట్టండి. చల్లారాక తోలు తీసేసి, వెడల్పాటి స్టీలు పళ్లెంలో కొంచెం కొంచెంగా వేసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండని నలుపుతూ పోండి. ముల్లుంటే అక్కడ వేలికి తగులుతుంది. ఒకసారి అయ్యాక పళ్లెం ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి, మీ వేలికి దొరకనిది వాళ్ల వేలికి దొరుకుతుంది. ఈ పనంతా రాత్రే చేసి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేయొచ్చు. పొద్దున్న లేచి నూనెలో ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కరివేపాకు వేయించి, పచ్చిమిర్చి బదులు మిరియాల పొడి వేసి, పిట్టు కలిపి తడి ఆరి పొడిపొడిగా అయ్యేదాకా వేపి, దించాక నిమ్మకాయ పిండితే అయిపోయింది. అన్నంలో కలిపినా, చపాతీలో చుట్టినా బాగుంటుంది. చారు కారి పుస్తకాలు పాడయ్యే గొడవ కూడా లేదు.

ఇంకో మాట. ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించడం, అరటిపండు తినిపించడం మన ఇళ్లలో అలవాటు. దానివల్ల ముల్లు ఇంకా లోపలికి దిగే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాలి. ఈ సంగతి మీ బాబు టీచరుకి కూడా చెప్పి ఉంచండి.

పొద్దున్నే ఆరున్నరకి వండి ఏడింటికల్లా బాక్సు సర్దుతాను. పిల్లలు తినేది పన్నెండున్నరకి. అప్పటిదాకా చేప పాడవదా? మా అమ్మమ్మ మాత్రం నిన్నటి పులుసే రుచి, ఏమీ కాదంటుంది. (విజయవాడ)

మామూలు ప్లాస్టిక్ డబ్బాలో గోరువెచ్చగా సర్దితే పాడవుతుంది. వండిన చేప, మాంసం బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. విజయవాడలో 32 దాటని నెలలు ఎన్నో మీకే తెలుసు. మీరు చెప్పింది ఐదున్నర గంటలు.

అలాగని మానేయక్కర్లేదు, వేడి నిలబెడితే చాలు. తిండి 60 డిగ్రీల పైన ఉన్నంతసేపూ క్రిములు పెరగవు. వేడి పట్టి ఉంచే రెండు పొరల స్టీలు డబ్బాలు వస్తున్నాయి కదా, అందులో ముందు మరిగే నీళ్లు పోసి మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఆ నీళ్లు పారబోసి, పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన కూరని నిండుగా సర్దండి. సగం డబ్బా ఖాళీగా వదిలితే తొందరగా చల్లారిపోతుంది, అందుకే డబ్బా చిన్నదే కొనండి. మొదటి రోజు పిల్లకి కట్టకుండా ఇంట్లోనే పరీక్ష చేసుకోండి: ఏడింటికి సర్ది పన్నెండున్నరకి మూత తీస్తే పొగలు రావాలి. రాకపోతే ఆ డబ్బా చేపకి పనికిరాదు. మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారేజీ పంపే వీలున్నవాళ్లకి ఈ తిప్పలేమీ లేవు.

అమ్మమ్మగారి మాటలో నిజముంది, చింతపండు పులుపు క్రిములు పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది. తగ్గిస్తుందంతే, చంపదు. నిన్నటి పులుసు ఫ్రిజ్‌లో ఉన్నదైతే, పొద్దున్న తెర్లేదాకా కాచి, పైన చెప్పిన డబ్బాలో పోసి పంపండి. పొయ్యి గట్టు మీద రాత్రంతా ఉన్నదాన్ని పిల్లలకి కట్టొద్దు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. కానాగంతలు, కవళ్లు, ట్యూనా లాంటి చేపల్ని పట్టాక ఐసు వేయకుండా వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒకసారి తయారయ్యాక ఎంత ఉడకబెట్టినా, ఎంత వేయించినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, నోరు మండటం, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. చూసినవాళ్లు ఎలర్జీ అనుకుంటారు, నిజానికి అది చెడిపోయిన చేప. కాబట్టి ఈ చేపల్ని ఐసులో ఉంచి అమ్మేవాళ్ల దగ్గరే కొనండి, కొన్నాక ఎండలో బజారంతా తిప్పకుండా నేరుగా ఇంటికి పట్టుకెళ్లండి.

మా పాప రొయ్యలు తింటే పెదాలు దురదంటుంది, ఒకసారి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి. కొద్దికొద్దిగా పెడుతుంటే అదే అలవాటవుతుందని మా అమ్మ. చేపలు కూడా మానేయించాలా? (ఒక తండ్రి, నెల్లూరు)

సార్, ఈ రోజు నుంచి రొయ్య ఆపేయండి. ఇంట్లో కొద్దికొద్దిగా అలవాటు చేయడం అనే ప్రయోగం అస్సలు వద్దు, ఈసారి దద్దుర్లతో ఆగింది వచ్చేసారి ఊపిరాడకపోవడం దాకా వెళ్లొచ్చు. పాల ఎలర్జీ, గుడ్డు ఎలర్జీ చాలామంది పిల్లలకి పెరిగేకొద్దీ పోతాయి. రొయ్యల ఎలర్జీ అలా కాదు, ఎక్కువ మందికి జీవితాంతం ఉంటుంది.

రొయ్య పడనివాళ్లకి పీత కూడా పడకపోవచ్చు, రెండింట్లో ఉండే ప్రోటీన్ ఒకటే కాబట్టి. చేపలో ఎలర్జీ తెచ్చే ప్రోటీన్ వేరు. అంచేత రొయ్య పడని పిల్లకి చేప బాగానే పడొచ్చు, కానీ దాన్ని తేల్చాల్సింది ఎలర్జీ డాక్టరు, పరీక్ష చేసి. అప్పటిదాకా బడికి రెండూ పంపకండి.

నెల్లూరు కాబట్టి ప్రత్యేకించి చెబుతున్నాను, మనవాళ్లు వంకాయలోనూ, గోంగూరలోనూ, సొరకాయలోనూ ఎండు రొయ్యలు వేస్తారు. పొడి కొట్టి వేస్తే కంటికి కనబడవు కూడా. పక్కింటివాళ్లు గిన్నెలో పంపిన కూర, ఫ్రెండు డబ్బాలోంచి తీసుకున్న ముద్ద, అన్నిట్లోనూ ఇది ఉండొచ్చు. క్లాస్ టీచరుకి నోటిమాటగా కాదు, కాగితం మీద రాసివ్వండి. గొంతు బిగుసుకుపోవడం, పిల్లికూతలు, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే ఇంటికి ఫోన్ చేసి మీకోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి చేయమని అందులో రాయండి. అప్పుడు పనిచేసేది అడ్రినలిన్ ఇంజెక్షనే, దురద బిళ్ల కాదు.

వారానికి ఎంత పెట్టాలి? పెద్ద చేపల్లో పాదరసం ఉంటుందని చదివి భయమేస్తోంది. (హైదరాబాద్)

అమెరికా ఆహార, ఔషధ సంస్థ పిల్లలకి వారానికి రెండుసార్లు చేప పెట్టమంటుంది. వాళ్ల లెక్కలో ఒకసారికి నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకి దాదాపు 60 గ్రాములు, ఎనిమిది నుంచి పదేళ్లవాళ్లకి 85 గ్రాములు, పదకొండేళ్ల వయసుకి 115 గ్రాముల దాకా. అరవై గ్రాములంటే పిల్లవాడి అరచేయంత ముక్క, అంతే. క్యారేజీ నిండా చేపలు పెట్టే పనేమీ లేదు.

పాదరసం భయం నిజమైనదే, కానీ అన్ని చేపలకీ కాదు. సముద్రంలో చిన్న చేపని పెద్ద చేప తింటూ పోయేకొద్దీ పాదరసం పేరుకుంటూ పోతుంది. అందుకే సొర, కత్తి చేప లాంటి పెద్ద వేట చేపల్ని పిల్లలకి పెట్టొద్దు. సొర పిట్టుకి పేరున్న ఊళ్లవాళ్లకి ఈ మాట నచ్చకపోవచ్చు, అదే పిట్టు కొరమీనుతో చేసుకోండి. వంజరం మనవాళ్లకి పెద్దింటి చేప, పెళ్లిళ్లలో దానికున్న మర్యాద ఇంక దేనికీ లేదు, కానీ అదీ పెద్ద వేట చేపే కాబట్టి పిల్లలకి ఎప్పుడో ఒకసారి చాలు.

పిల్లలకి కావాల్సినవి నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు. పాదరసం తక్కువ, మెదడుకి పనికొచ్చే ఒమేగా కొవ్వులు ఎక్కువ, ధర తక్కువ. బజారులో ఇవి పేదవాళ్ల చేపలని చిన్నచూపు ఉంది, అది చూస్తే నాకు బాధేస్తుంది. నెత్తళ్లు కరకరలాడేలా వేయిస్తే ముల్లుతో సహా నమిలేయొచ్చు, ఆ ముల్లులోనే కాల్షియం ఉంది. బాగా నమలగలిగే పెద్ద పిల్లలకి అలాగే ఇవ్వండి, చిన్నవాళ్లకి పొడి కొట్టి నెయ్యన్నంలో కలపండి. రక్తహీనత సంగతి కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రలో వందకి 63 మందికి, తెలంగాణలో 70 మందికి రక్తహీనత ఉంది. చేపలో ఉండే ఇనుము కొద్దిపాటిదే, కానీ అన్నంతో పాటు చేప ఉంటే పప్పులోనూ ఆకుకూరలోనూ ఉన్న ఇనుము ఒంటికి ఇంకా బాగా పడుతుంది. తోటకూర పప్పు ఒక గిన్నెలో, చేప పిట్టు ఒక గిన్నెలో పెట్టారంటే ఆ పూటకి మంచి భోజనం.

మా అమ్మాయి మూడో తరగతి. చేప వేపుడు పెడితే పక్క పిల్లలు ముక్కు మూసుకుని దూరం జరిగారట. ఇంటికొచ్చి ఏడ్చింది. టీచరేమో "వెజ్ మాత్రమే పంపండి" అని డైరీలో రాశారు. ఏం చేయాలి? (హైదరాబాద్)

ఈ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. ఎనిమిదేళ్ల పిల్ల అమ్మ వండిపెట్టిన అన్నం ముందు కూర్చుని సిగ్గుపడాల్సి రావడం చిన్న విషయం కాదమ్మా. ముందు మీ అమ్మాయికి చెప్పండి, నువ్వు తప్పేమీ చేయలేదు, మనింట్లో తినేదే నీ డబ్బాలో ఉంది అని. "రేపటి నుంచి పెట్టనులే" అని మాత్రం అనకండి, అలా అంటే ఆ పిల్లలు అన్నదే నిజమని తనకి అర్థమవుతుంది. పక్క పిల్లల్నీ తిట్టొద్దు, వాళ్లు ఇంట్లో పెద్దల దగ్గర విన్నదే అన్నారు.

తర్వాత స్కూలుకెళ్లి అడగండి. ఇది రాతపూర్వకంగా ఉన్న స్కూలు నిబంధనా, లేక టీచరుగారి సొంత అభిప్రాయమా? చాలాచోట్ల రెండోదే ఉంటుంది. నిబంధనే ఉంటే చేర్చుకునేటప్పుడు చెప్పారా, పేరెంట్స్ మీటింగులో చర్చించారా అని మర్యాదగానే, గట్టిగా అడగండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వమే బడిలో పిల్లలకి గుడ్డు పెడుతోంది. ఒకే బల్ల మీద గుడ్డు తినే పిల్ల, తినని పిల్ల పక్కపక్కన కూర్చుని తింటున్నారు. తినని కుటుంబం పిల్లకి ఇబ్బంది లేకుండా చూడటం అవసరమే, అందుకు వేరే చెంచా, వేరే గిన్నె, పంచుకోవద్దన్న నియమం సరిపోతాయి. ఒకరి తిండిని బయటికి నెట్టేయక్కర్లేదు.

వాసన తగ్గించడం మీ చేతుల్లోనే ఉంది. తాజా చేపకి నీచు తక్కువ, నిలవయ్యేకొద్దీ పెరుగుతుంది. కడిగేటప్పుడు కళ్లుప్పు, పసుపుతో తోమి, నిమ్మరసం గానీ పల్చటి మజ్జిగ గానీ పోసి పది నిమిషాలుంచి మళ్లీ కడగండి, పులుపు తగిలితే నీచు వాసన చాలావరకు విరిగిపోతుంది. రబ్బరు పట్టీ ఉన్న మూత వాడండి. ఆ రబ్బరుని రోజూ విడదీసి కడగాలి, చాలా డబ్బాల్లో వాసనంతా దాని కిందే ఉంటుంది. చేయి తుడుచుకోవడానికి ఒక నిమ్మచెక్క పెట్టండి. ఇవన్నీ పిల్ల సౌకర్యం కోసం చెబుతున్నవే, దాచిపెట్టడానికి కాదు.

రొయ్యల చెరువులు చేస్తున్నాను. అమెరికా సుంకాలు పెరిగినప్పుడల్లా మా కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర పడిపోతుంది. సరుకు ఇక్కడే ఉంది, రక్తం లేని పిల్లలు ఇక్కడే ఉన్నారు. బడి భోజనంలో రొయ్యలు పెడితే మా ఇద్దరికీ మేలు కదా? (భీమవరం)

అన్నగారూ, మీరడిగింది న్యాయమైన ప్రశ్న. దేశంలో చేపలు, రొయ్యలు అందరికంటే ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు మీ చెరువు గట్ల మీద ఎలా ఉండిందో ఉత్తరంలో వివరంగా రాశారు. మన రొయ్య మన పిల్లల నోట్లోకి రావాలన్న కోరిక నాదీ. అది జరగాలంటే ఏమేం కావాలో లెక్క చూద్దాం.

ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంత ప్రోటీన్ రావాలంటే ఒలిచిన రొయ్య 30 గ్రాములు కావాలి. 200 మంది పిల్లల బడికి 6 కిలోల ఒలిచిన రొయ్య. తల, పెంకు పోతే సగానికి కాస్త పైన మిగులుతుంది కాబట్టి చెరువు సరుకు 11 కిలోలు తేవాలి. వంద కౌంటైతే దగ్గర దగ్గర 1,100 రొయ్యలు. ఇన్నింటిని బడి వంటగదిలో ఎవరు ఒలుస్తారు? కాబట్టి బడికి పచ్చి సరుకు రాకూడదు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఒలిచి, నరం తీసి, గడ్డకట్టించిన ప్యాకెట్లే రావాలి. ఆ ప్లాంట్లు, ఒలిచే ఆడవాళ్లు, ఐసు బండ్లు అన్నీ మీ జిల్లాలోనే ఉన్నాయి. బడిలో ప్యాకెట్ పెట్టడానికి ఫ్రీజర్ లేదు, అంటే ఏ రోజు సరుకు ఆ రోజు పొద్దున్నే దిగాలి. భీమవరం, ఏలూరు, కాకినాడ చుట్టుపక్కల అది సాధ్యమే. అనంతపురం, ఆదిలాబాద్ సంగతి వేరు.

డబ్బు సంగతి. పీఎం పోషణ్ అనే బడి మధ్యాహ్న భోజన పథకంలో పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ అన్నిటికీ కలిపి 2025 మే నుంచి ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి రోజుకి 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులవాళ్లకి 10 రూపాయల 17 పైసలు. ఇందులోంచి రొయ్య రాదు. గుడ్డుకి రాష్ట్రాలు విడిగా ఖర్చు పెడుతున్నట్టే దీనికీ విడిగా పెట్టాలి, వారానికి ఒక్క రోజైనా.

మీకు కాస్త కష్టంగా అనిపించే మాట కూడా చెప్పాలి. ఎగుమతికి వెళ్లే కంటైనర్లో నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే వెనక్కి వస్తుంది. పిల్లల పళ్లెంలోకి వచ్చే సరుకుకి కూడా అదే పరీక్ష ఉండాలి. బయటి దేశానికి పనికిరానిది బడికి పంపుదామనే ఆలోచన ఎవరికైనా ఉంటే అది మొదట్లోనే తుంచేయాలి, మీలాంటి రైతులే ముందు నిలబడి ఆ మాట అనాలి. రొయ్య ఎలర్జీ ఉన్న పిల్లల జాబితా లేకుండా ఏ బడిలోనూ మొదలుపెట్టకూడదు.

మన దేశంలో బడి భోజనంలో చేప కొత్తేమీ కాదు. లక్షద్వీప్‌లో ఉంది. అక్కడ 2021లో కోడి, మాంసం తీసేసినా చేప, గుడ్డు ఉంచారు, దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. జపాన్‌లో బడి భోజనానికి 1954లోనే చట్టం చేశారు, చేప అక్కడ మామూలు వంటకం.

మేం ముగ్గురం 180 మందికి వండుతాం. మీరేమో చేపలు పెట్టమని రాస్తారు. తోమేదెవరు, కోసేదెవరు? ఒక్క పిల్లకి ముల్లు గుచ్చుకుంటే మమ్మల్నే తిడతారు. (బడి వంట చేసే అక్క, శ్రీకాకుళం జిల్లా తీరం)

అక్కా, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. 180 మందికి ముగ్గురనేది ప్రభుత్వం పెట్టిన లెక్కే, ఒక్కొక్కరికి నెలకి ఇచ్చేది 3 వేలు. ఆ మూడు జతల చేతులతో అన్నం వార్చి, పప్పు ఉడికించి, గుడ్లు ఒలిచి, గిన్నెలు తోమేవాళ్లని చేపలు కూడా తోమమనడం అన్యాయం. చేప ముక్కలు, చేపల పులుసు బడి వంటగదిలో వద్దనే నా అభిప్రాయం కూడా. అంతమంది చిన్నపిల్లల్లో ఎవరి ముద్దలో ముల్లుందో ఎవరూ చూడలేరు.

మీ ఊరికి సరిపోయేది ఎండు నెత్తళ్ల పొడి. ఉప్పు కలపకుండా బాగా ఎండబెట్టిన నెత్తళ్లలో సగానికి పైగా ప్రోటీనే, పిల్లవాడికి పది గ్రాముల పొడి వేస్తే దాదాపు గుడ్డంత బలం. ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లాలో అంగన్‌వాడీ పిల్లలకి ఎండు చేపల పొడి పెట్టి చూశారు. పొడిలో ముల్లుండదు, ఐసు అక్కర్లేదు, గాలి చొరబడని డబ్బాలో నిలవుంటుంది, వంటలో చివర కలిపి దించడమే. తీరంలో ఎండబెట్టే పని చేసే ఆడవాళ్లకి నికరమైన బేరం దొరుకుతుంది. ఇసుక మీద ఆరబోసిన సరుకు మాత్రం తీసుకోవద్దు, ఎత్తుగా కట్టిన వల పందిరి మీద ఎండినదే కావాలి. బజారు ఎండు చేపలో ఉప్పు ఎక్కువ, అది పిల్లలకి మంచిది కాదు.

పొడి కలిపిన కూరకి విడి గిన్నె, విడి గరిటె ఉండాలి. తినని పిల్లలకి ఆ రోజు అరటిపండో చిక్కీనో ఇవ్వాలి. ఈ పని పెరిగినందుకు మీ జీతం కూడా పెరగాలి, అది పెంచకుండా కొత్త వంటకం పెట్టమని నేను ఎవరినీ అడగను.

చేప తిన్న రోజు పాలు తాగితే బొల్లి వస్తుందని మా అత్తగారు బడి నుంచి వచ్చాక పాలివ్వనివ్వరు. (గుంటూరు)

బొల్లి ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ తన రంగు కణాలనే దెబ్బతీయడం వల్ల వచ్చేది. చేప, పాలు కలిపి తింటే వస్తుందనడానికి వైద్యంలో ఆధారం లేదు. మధ్యాహ్నం చేప తిని సాయంత్రం పాలు తాగొచ్చు. ఆయుర్వేదం ఈ రెండూ కలపొద్దంటుంది, అత్తగారి నమ్మకం అక్కడి నుంచి వచ్చిందే. ఆవిడతో గొడవ పడకుండా, ఆ రోజు పాల బదులు రాగి జావ ఇచ్చినా పిల్లకి నష్టమేమీ లేదు.

మేం టెక్సస్‌లో ఉంటాం. మా వాడు ఇండియన్ ఫిష్ కర్రీ వద్దంటాడు, ఫ్రెండ్స్ ముందు ఇబ్బందట. (డాలస్)

అక్కడి పిల్లలకి ట్యూనా శాండ్‌విచ్ కొత్త కాదు కదా, అందులోంచే మొదలుపెట్టండి. డబ్బా మీద లైట్ ట్యూనా అని ఉన్నది తీసుకోండి, అల్బకోర్‌లో పాదరసం ఇంకాస్త ఎక్కువ. నీళ్లు పిండేసి ఉల్లిపాయ, మిరియాలు, కొత్తిమీర, నిమ్మరసం కలిపితే అది మన పిట్టుకి దగ్గర చుట్టమే. శాండ్‌విచ్ కింద చల్లటి జెల్ ప్యాక్ పెట్టండి. క్లాసులో చేప ఎలర్జీ పిల్లలెవరైనా ఉన్నారేమో టీచరుకి ఒక మెయిల్ రాసి కనుక్కోండి.

బడులు తెరిచే జూన్‌లో మంచి చేప దొరుకుతుందా? ఫార్మలిన్ సంగతేంటి? (విశాఖపట్నం)

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం. బడులు జూన్ 12కి తెరుస్తారు. అంచేత మొదటి వారం బజారులో కనబడే సముద్రపు చేప ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నాళ్ల కిందటిది అని అడగండి. నాటు పడవలవాళ్లు తెచ్చిన చిన్న చేప దొరికితే మంచిదే. లేకపోతే ఆ రోజుల్లో చెరువు చేపే నయం, తెలంగాణలో మృగశిర కార్తెకి చెరువు చేపలు ఎలాగూ బజారు నిండా ఉంటాయి, బతికున్న కొరమీను కళ్లముందే కోయించుకోవచ్చు.

చేప పాడైనట్టు కనబడకుండా కొందరు దొంగచాటుగా పూసే రసాయనం ఫార్మలిన్. ఆ గొడవ 2018లో కేరళ, గోవా, అస్సాంలలో బాగా నడిచింది, అప్పుడు మన చేపల లారీల మీద కూడా అనుమానాలొచ్చాయి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఫార్మలిన్‌నీ అమోనియానీ పట్టే చిన్న కిట్లు తయారుచేసింది. చేప మీద కాగితం పట్టీ రుద్ది చుక్క మందు వేస్తే రంగు మారుతుంది. అపార్ట్‌మెంటువాళ్లంతా కలిసి తెప్పించుకోవచ్చు. కిట్ లేకపోతే మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే నిండాలి. చేప చుట్టూ ఈగ ఒక్కటీ వాలకపోయినా, నీచు వాసన బొత్తిగా లేకపోయినా, కండ బిరుసుగా రబ్బరులా ఉన్నా కొనకండి. అనుమానం ఉన్న రోజు పిల్లల డబ్బాలో గుడ్డు పెట్టేయండి, చేప వచ్చేవారం పెట్టొచ్చు.